గొడుగు ఉన్నది కోడిపిల్లలకు

నాకు నాలుగేళ్ళు నిండీ నిండకముందే వరంగల్‌లో ఒక బాలబడి పెద్దటీచరమ్మ నన్ను చూసి కుర్చీలోంచి లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. ఈ మాట నేను చెప్పని మనిషి మా చుట్టాల్లో లేడు. పెళ్ళిచూపుల్లో చెప్పాను. ఉద్యోగం ఇంటర్వ్యూలో, ఎవరూ అడగకపోయినా చెప్పాను. మొన్నామధ్య గుండె పరీక్ష చేస్తున్న డాక్టరు ఊపిరి బిగబట్టమంటే, బిగబట్టే ముందు ఆయనకూ చెప్పాను. బడిలో చేర్చుకోవడానికి ఆవిడ కొన్ని వస్తువులు నా ముందు పెట్టి ఏది దేనికో చెప్పమందనీ, నా జవాబులు విని ఇంత తెలివి ఇన్నాళ్ళూ ఈ వాడలో ఎక్కడ దాక్కుందా అని నోరెళ్ళబెట్టిందనీ, అక్కడికక్కడే సీటిచ్చిందనీ. వినేవాళ్ళు ఓపికమంతులైతే, ఆ సాయంత్రం నన్ను చూడటానికి వాడంతా వచ్చిందని కూడా కలిపేవాణ్ణి.

పోయిన నెల మా సరోజక్క వచ్చి కొన్నాళ్ళు మా ఇంట్లో ఉంది. నాకంటే ఆరేళ్ళు పెద్దది. పరకాల వైపు దవాఖానల్లో నర్సుగా చేసి రిటైరైంది. సూదులు వేసిన చెయ్యి కదా, మాట కూడా అలాగే వేస్తుంది. ఆమె ఉన్నప్పుడే మా మనుమరాలిని బడి ఇంటర్వ్యూకి తయారు చేస్తున్నారు. కోడలు బొమ్మల అట్టలు ఒక్కొక్కటీ చూపిస్తే, ఆ పిల్ల అది దేనికి పనికొస్తుందో ఇంగ్లీషులో గడగడా చెప్పేస్తోంది. గొడుగు వానకు, దువ్వెన తలకు, చీపురు ఊడ్వడానికి. అన్నీ సరైన జవాబులే. మా ఇంట్లో ఊడ్చేది గుండ్రంగా తిరిగే మిషను. చీపురు బాల్కనీలో వాషింగ్ మిషను వెనక ఉంటుంది, ఆ పిల్ల దాన్ని కళ్ళారా చూసిందో లేదో నాకు అనుమానమే. అక్క చాలాసేపు చూసి, దీనికి అన్నీ ఎర్కే గానీ ఒక్కటన్న ముట్టుకున్నదా అని మెల్లగా అడిగింది. కోడలు నవ్వి తర్వాతి అట్ట తీసింది. ఇలాంటి సమయంలో నా దండం కథ చెప్పకపోతే నేను నేను కాదు. మొదలుపెట్టాను. అక్క తోటకూర కాడలు తుంచుతూ వింటోంది. ఆమె ముందు ఆ కథ చెప్పడం అదే మొదటిసారి. ఇన్నేళ్ళూ ఎలా తప్పించుకున్నానో నాకే తెలియదు.

అసలు మా ఇంటి సంగతి తెలిస్తే తప్ప ఆ పరీక్ష సంగతి తెలియదు. వరంగల్ స్టేషన్ అవతల, మిల్లుకు పోయే తోవలో రెండు గదుల పెంకుటిల్లు మాది. బాపుకు, అంటే మా నాన్నకు, మిల్లులో రాత్రి షిఫ్టు. పొద్దున వచ్చి, జొన్న గట్క తాగి, నులక మంచంలో ముఖం మీద దుప్పటి కప్పుకుని పడుకునేవాడు. ఇంట్లో చెంచా కింద పడ్డా మంచంలోంచి ఒక మూలుగు వచ్చేది. అమ్మను అవ్వ అనేవాళ్ళం. ఆమె మిరపకాయల గోదాంలో తొడిమలు తీసే పనికి పోయేది. చీకటి పడే వేళకు వచ్చేది. అవ్వ సందు మలుపు తిరిగిందని నాకు ముక్కు చెప్పేది. ముందు నేను తుమ్మేవాణ్ణి, తర్వాత ఆమె కనిపించేది. ఒళ్ళంతా కారం, జుట్టులో కారం, కొంగులో కారం. నీళ్ళ గోలెం దగ్గర మోచేతుల దాకా కడుక్కుని, బట్టలు మార్చుకునేదాకా నన్ను ముట్టుకునేది కాదు. నేను ఏడుస్తూ చేతులు చాపడం, ఆమె తన చేతులు వెనక్కి పెట్టుకుని నాతో మాట్లాడటం, ఇది రోజూ జరిగేది. మిగతా పగలంతా నన్ను చంకన వేసుకుని తిరిగింది సరోజక్క.

ఇంటి మీద పెత్తనం మాత్రం నాయనమ్మది. ఆమెకు కళ్ళు సగం కనిపించేవి కావు, కానీ ఇంట్లో ఏ వస్తువు పని లేకుండా కూర్చుందో ఆమెకు ఇట్టే తెలిసిపోయేది. కూసుండి తినేటందుకు అదేమన్న అల్లుడా అనేది. మా ఇస్త్రీపెట్టెను ఆమె సాంబ్రాణి పొగకు పెట్టింది. తలంటు పోసిన రోజు దాంట్లో నిప్పులు, వాటి మీద సాంబ్రాణి, దాని మీద నా తల. మరి బాపు చొక్కాకు ఇస్త్రీ? ఇత్తడి చెంబులో నిప్పులు పోసి రుద్దేది. మరి నీళ్ళు తాగటానికి? బియ్యం కొలిచే సోలతో. మరి బియ్యం కొలవటానికి? గుప్పిటతో. ఒక్క వస్తువు కుర్చీ మారితే, తాలూకాఫీసులో బదిలీలైనట్టు ఇల్లంతా బదిలీలయ్యేది. కోళ్ళ గంపలో ఉల్లిగడ్డలు పోసింది కాబట్టి, మా ఒక్కగానొక్క గొడుగును వాకిట్లో తెరిచి బోర్లించి కోడిపిల్లల్ని దాని కింద పెట్టింది. మాకు యాభై కోళ్ళుండేవి. సరే, ఒక కోడి, దాని పిల్లలు. వానొస్తే గోనెసంచిని ఒక మూల లోపలికి నెట్టి కొప్పెర చేసుకుని నెత్తిన వేసుకునేవాళ్ళం. మంచి చెక్క దువ్వెన ఒకటి వంటింట్లో ఉండేది. తల దువ్వటానికి కాదు. పండక్కి గవ్వలు చేసేటప్పుడు పిండి ముద్దను దాని పళ్ళ మీద ఒత్తి దొర్లిస్తే చారలు చారలుగా భలే వచ్చేవి. సబ్బుబిళ్ళ గూట్లో ఉండేది, గాజులవాడు వచ్చిన రోజే కిందికి దిగేది. చేతికి రాసి గాజులెక్కించి మళ్ళీ గూట్లో పెట్టేవాళ్ళు. ఒంటికి సున్నిపిండి, అది లేనినాడు ఉత్త నీళ్ళు.

ఆ బదిలీల్లో అందరికంటే పెద్ద బదిలీ మా అక్కదే. నేను పుట్టినప్పుడు ఉయ్యాల కట్టారు. తాడు తెగింది. ఆ పోస్టులో అక్కను వేశారు. అవ్వ మళ్ళీ గోదాం పనికి పోవడం మొదలుపెట్టగానే అక్క బడి మానేసింది. రెండో తరగతి అయిపోయి మూడులోకి వచ్చింది అప్పుడే. ఆమె పలక కొన్నాళ్ళు మేకుకు వేలాడింది. పని లేకుండా వేలాడితే నాయనమ్మ ఊరుకుంటుందా. నీళ్ళ కుండ మూత పగిలినప్పుడు పలకను తీసి కుండ మీద పెట్టింది. సరిగ్గా సరిపోయింది. అక్క నీళ్ళు ముంచుకున్నప్పుడల్లా దాన్ని తీసి పక్కన పెట్టి, మళ్ళీ కుండ మీద పెట్టేది. ఒక్కోసారి పెట్టే ముందు తడి వేలితో దాని మీద ఏదో రాసేది. అది ఆరేదాకా చూసేది. అప్పటికి నాకు చదువు రాదు కనుక ఏం రాసిందో తెలియదు. ఇప్పుడు అడిగితే చెప్పదు.

ఆ యేడు వేసవి సెలవులు అయిపోగానే రైలు గేటు పక్కన బాలబడి తెరిచారు. ఫీజు లేదు. నాలుగేళ్ళ పిల్లల్ని కూడా తీసుకుంటారు, మధ్యాహ్నం ఉప్మా పెట్టి సాయంత్రందాకా ఉంచుకుంటారు. కానీ సీట్లు కొన్నే. పిల్లవాడికి మాటలు వచ్చా, చెప్పింది తెలుస్తుందా అని పెద్దటీచరమ్మ చూసి మరీ తీసుకుంటుంది. ఈ కబురు విన్న రోజు నుంచీ అక్క మనిషి మారిపోయింది. నేను బడిలో పడితే తను బడికి పోవచ్చు. ఆమె పాత బడి సారు కూడా, ఈ నెలలో వస్తే వచ్చినట్టు, లేకపోతే ఇన్నాళ్ళూ రిజిస్టరులో ఉంచిన పేరు కొట్టేస్తానని ముందే చెప్పాడు. అవ్వను అడిగితే, గోదాం పని పోగొట్టుకుని నేను రాలేను, నువ్వే తీసుకపో, వాడికి సీటొస్తే నువ్వు పో అంది. రాకపోతే అని అక్క అడగలేదు. రాకపోతే ఏమిటో చంకలో ఉంది కదా.

ఇక నాకు శిక్షణ మొదలైంది. బాపు నిద్ర చెడకుండా వాకిట్లో, గుసగుసగా.

“గొడుగు దేనికిరా?” అంది అక్క.

“కోడిపిల్లలకు.”

“కాదు. వానకు.”

“వానకు గోనెసంచి గదా.”

“మనింట్ల గోనెసంచి. టీచరమ్మ ఇంట్ల గొడుగు. ఆడ ఆమె ఇంటి ముచ్చట చెప్పాలె.”

“ఆమె ఇంట్ల కోళ్ళు లేవా?”

అక్క నా నెత్తిన ఒకటి మొట్టింది. నేను ఏడిస్తే బాపు లేస్తాడని నోరు మూసింది, మళ్ళీ గొడుగు దగ్గర్నుంచి మొదలుపెట్టింది. నేను మొద్దునని మీరనుకుంటే పొరపాటు. నేను చూసింది చెప్పాను. కళ్ళముందు పొద్దస్తమానం కోడిపిల్లల మీద కూర్చున్న గొడుగును పట్టుకుని వానకు అంటే, ఏ బుద్ధున్న మనిషి నమ్ముతాడు?

నమ్మించడానికి అక్క నన్ను పక్కింటి రజియా ఖాలా దగ్గరికి తీసుకుపోయింది. ఖాలా భర్త దర్జీ. వాళ్ళింట్లో దువ్వెనతో తల దువ్వుకుంటారు, సబ్బుతో ముఖం కడుక్కుంటారు, ఏ వస్తువు పని అది చేస్తుంది. వస్తువుల బడి అన్నమాట. ఖాలా ముందు నా ముఖం సబ్బుతో రుద్దింది. కళ్ళు మండి వాడంతా వినపడేలా ఏడ్చాను. గాజులేవి అని మధ్యలో అడిగానట. తర్వాత నా తల దువ్వింది. చివరికి పాపం, ఇంట్లో తెరవకూడదంటారు గానీ పిల్లవాడి చదువు కదా అని, భర్త నల్లగొడుగు తెరిచి నేల మీద పెట్టి, దీని కింద ఎవలుంటరు బేటా అని అడిగింది. మనుషులు అని చెప్పించాలని ఆమె ఉద్దేశం. నేను వెంటనే దాని కిందికి దూరి, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని కియ్ కియ్ అన్నాను.

ఖాలా చాలాసేపు నవ్వి, కళ్ళు తుడుచుకుని అక్కతో అంది. “ఫికర్ చెయ్యకు బిడ్డా. కోడి తెలివైతే పూరా వచ్చింది. మనిషి తెలివికి జర టైం పడతది.”

అక్క నవ్వలేదు. టైం లేదు కదా ఆమెకు.

పరీక్ష రోజు అక్క నన్ను చంకనేసుకుని రైలు గేటు దాకా మోసుకుపోయింది. నేను నడవగలను, నడిస్తే చొక్కా దుమ్ము కొట్టుకుపోతుందని ఆమె భయం. చెంబు ఇస్త్రీ చొక్కా అది. దారి పొడుగునా గొడుగు వానకు, దువ్వెన తలకు, తువాల తుడుచుకోటానికి అని నా చెవిలో చదువుతూనే ఉంది. బడి వసారాలో బల్ల, బల్ల వెనక పెద్దటీచరమ్మ. తెల్లచీర, కళ్ళద్దాలు, మనిషి దగ్గర పౌడరు వాసన. ఎక్కడో కోస్తా వైపు ఆవిడ. బల్ల మీద పళ్ళెంలో దువ్వెన, సబ్బు, తువాల, పలక. బల్లకు ఆనించి గొడుగు. అక్క గడప దగ్గర నిలబడింది.

దువ్వెన చూపించింది ఆవిడ. గవ్వలకు అన్నాను. ఆవిడ నవ్వింది, మంచి పిల్లవాడే అన్నట్టు. సబ్బు చూపించింది. గాజులెక్కటానికి అన్నాను. నవ్వు కాస్త తగ్గింది. తువాల చూపించింది. బస్సులో సీటు ఆపటానికి అన్నాను. ఇది మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను, నూటికి నూరు మార్కుల జవాబు అది. అవ్వ పుట్టిల్లు మరిపెడ. ఆ బస్సు స్టాండులోకి వస్తుంటే బాపు దానితో పాటు ఉరుకుతూ, భుజం మీది తువాలను కిటికీలోంచి గురి చూసి విసిరేవాడు. తువాల పడ్డ సీటు మనది. దాని మీద ఇంకొకడు కూర్చుంటే పంచాయతీ. బాపు గురి తప్పగా నేను చూడలేదు. తువాల ఇంకెందుకైనా పనికొస్తుందని నాకు తెలియకపోవడం బాపు గొప్పతనమే తప్ప నా తప్పు కాదు.

తర్వాత గొడుగు. ఆవిడ అడిగేదాకా నేను ఆగలేదు. చేత్తో పట్టుకుని, ఎలా తెరుచుకుందో తెరుచుకుంది, లోపల పిల్లలున్నాయేమోనని దాన్ని ఎత్తి కిందికి వంగి చూశాను. ఎత్తిన గొడుగు మొన తిన్నగా ఆవిడ కళ్ళద్దాల మీదికి పోయింది. ఇదిగో, ఆవిడ కుర్చీలోంచి లేచింది ఇప్పుడే. నా తెలివికి కాదు, తన కళ్ళు కాపాడుకోవడానికి. లేచింది, అది నిజం. ఎందుకు లేచిందో ఇన్నేళ్ళూ నన్నెవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

ఆవిడ ఓపికమంతురాలు. గొడుగు మూసి పక్కన పెట్టి, పోనీలే అని అన్నిటికంటే తేలికైనది చేతికిచ్చింది. పలక. “ఇది దేనికి బాబూ?” అంది.

“కుండ మీద మూతకు,” అన్నాను.

ఆవిడ నన్ను చూడలేదు. గడప దగ్గర నిలబడ్డ అక్కను చూసింది. అక్క కాలి బొటనవేలితో నేల గీరుతోంది. నీ పలకా అని ఆవిడ అడిగింది. అక్క తలూపింది. ఏం చదువుతున్నావు అంటే, వీనిని ఎత్తుకుంటాన అంది. అప్పుడు ఆ టీచరమ్మ రెండు చేతులూ జోడించింది. ఆ దండం నాకు కాదు. ఇక చాలమ్మా, తీసుకెళ్ళు అనే దండం అది. బస్సు కండక్టర్లు, డాక్టర్లు, అలసిపోయిన అత్తలు పెట్టే దండం. ఇంతకాలం నేను దాన్ని నా వైపు తిప్పుకున్నాను. మా నాయనమ్మ మనుమణ్ణి కదా, ఊరికే పడి ఉన్న దండాన్ని వాడుకోకుండా ఎలా ఉంటాను.

అక్క ఎదురుగా ఉంటే ఆ కథ నిలబడేది కాదు కనుక, ఇదంతా మా కోడలు ముందు, మనుమరాలి ముందు ఒప్పేసుకున్నాను. వయసొచ్చాక అబద్ధాలు మోయడం కూడా బరువే, వాటికి పొంతన గుర్తుపెట్టుకోవాలి. ఒప్పుకుని, మా ఇంటి వంటగది వైపు చూపిస్తూ కాస్త పెద్దమనిషిలా కూడా మాట్లాడాను. ఇప్పుడు వెల్లుల్లి పొట్టుకొక మిషను, నిమ్మకాయ పిండటానికొకటి, కళ్ళద్దాలు తుడిచే గుడ్డ వేరు, కారు తుడిచే గుడ్డ వేరు. నాయనమ్మ ఉంటే వీటన్నిటినీ సోమరిపోతులని వాకిట్లో నిలబెట్టేది. ఇప్పటి పిల్లలు ఒక వస్తువుకు ఒకటే పని అని నేర్చుకుంటారు, ఎందుకంటే నిజంగానే దానికి ఒకటే పని. అప్పుడు మేం ఏ వస్తువునైనా ముందు చేతిలోకి తీసుకుని, ఇవాళ ఇది దేనికో అని చూసేవాళ్ళం. ఏది మంచిదంటే నేను చెప్పలేను. మనుమరాలికి గొడుగు అంటే వాన. తడవదు. మాకు గొడుగు ఉండీ తడిశాం. మనుషుల్ని కూడా అలాగే వాడుకున్నాం అని నోటిదాకా వచ్చింది. అక్క అక్కడే కూర్చుని ఉంది, ఆ మాట మింగేశాను.

కానీ ఒక్కటి మాత్రం వదలలేదు. దండం అబద్ధమే, సీటు మాత్రం నిజం అన్నాను. ఎన్ని తప్పులు చెప్పినా ఆ టీచరమ్మ నాలో ఏదో చూసింది. నాకు బాగా గుర్తు, ఇసుకలో పిల్లల మధ్య కూర్చున్నాను, నా ముందు వేడి ఉప్మా, టీచరమ్మ మాటిమాటికీ గేటు దాకా వెళ్ళి రోడ్డు వైపు చూసి వస్తోంది. నా సంగతి ఎవరికైనా చెప్పుకోవాలని తహతహలాడుతోందని అప్పుడే అనిపించింది. ఆ రోజే నా చదువు మొదలైంది. నా చదువు మొదలైంది కాబట్టే అక్క చదువు మళ్ళీ మొదలైంది. నేను పాసవ్వకపోతే పరకాలలో అంతమందికి సూదులు వేసిన నర్సమ్మ ఎక్కడిది అని కోడలి వైపు చూసి నవ్వాను.

అక్క తోటకూర గిన్నె పక్కన పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. కోపంగా ఏమీ లేదు, జ్వరం ఎంతుందో చెప్పే గొంతుతో చెప్పింది.

“నువ్వేం పాస్ గాలే తమ్మీ. ఆమె వచ్చే యేడు తీస్కరమ్మన్నది. గేటు దాకా వచ్చిన, మా సారు నా పేరు కొట్టేత్తడని యాదికొచ్చింది. మళ్ళ లోపలికి వచ్చి నిన్ను ఆ ఇసుకల కూసోవెట్టి, ఆమె అటు తిరగంగనే మా బడికి ఉరికిన. తెల్లారి గట్లనే ఇడిసిపెట్టిన, ఆ తెల్లారి గట్లనే. ఏగలేక యాష్టకొచ్చి నీ పేరు రాసుకున్నరు. నీకు సీటియ్యలే వాళ్ళు. నిన్ను మోసుకొచ్చి మనింట్ల అప్పజెప్పేటోళ్ళు ఆడ ఎవలు లేకుండె.”